ఏసీ మెకానిక్‌గా సొంతంగా దిగుతున్నారా? ముందు నవంబరు లెక్క వేయండి

విశాఖలో మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా ఏసీ మెకానిక్ ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఉక్కపోత భరించలేని జనం ఎంతైనా ఇస్తాం, ఇవాళే రమ్మంటారు. షాపులో జీతానికి పనిచేసే కుర్రాడికి సరిగ్గా అప్పుడే అనిపిస్తుంది, ఈ డబ్బంతా ఓనరుకెందుకు పోవాలని. ఆలోచన తప్పు కాదు, సమయమే తప్పు. జులై నుంచి జనవరి దాకా అన్‌సీజన్. ఆ ఏడు నెలలు ఇల్లు గడుస్తుందా అన్నది తేలకుండా ఉద్యోగం మానకండి.

లెక్క కాగితం మీద వేయండి. ఉదాహరణకు అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 18,000, పెట్రోలు 4,000, ఫోను 500, పనిముట్ల అరుగుదలకు, చిల్లర సామానుకు 2,500 అనుకుందాం. నెలకు 25,000. సర్వీసుకు ఖర్చులు పోను 400 మిగిలితే నెలకు 63 సర్వీసులు కావాలి. అంటే 25 పనిదినాల్లో రోజుకు రెండున్నర. పోయిన నవంబరు, డిసెంబరుల్లో షాపుకి కాకుండా మీ పేరు చెప్పి మీకే ఫోన్ చేసినవాళ్లు ఎంతమందో కాల్ లిస్టులో చూసుకోండి. ఆ అంకెనే నమ్మండి, మే నెల అంకెను నమ్మకండి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, గీజర్ పని కూడా వచ్చినవాళ్లు అన్‌సీజన్ గట్టెక్కగలరు. ఏసీ ఒక్కటే వస్తే ఇంకో ఏడాది ఆగి ఆ పనులు నేర్చుకోవడమే మంచిది.

దిగాలనే నిశ్చయించుకుంటే ఫిబ్రవరి మొదట్లో దిగండి. అప్పటికి నాలుగు నెలల ఖర్చు, పై లెక్కలో అయితే లక్ష రూపాయలు, బ్యాంకులో ఉండాలి. సీజన్ ముందు సర్వీసులు చేయించుకునేవాళ్లు ఆ రోజుల్లోనే పిలుస్తారు. తొందర ఉండదు, పని శుభ్రంగా చేసి చూపించవచ్చు.

డబ్బు కంటే ముందు చూసుకోవాల్సింది ప్రాణం. లాసన్స్ బే కాలనీ, బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ స్టాండ్లు, వాటి యాంకర్ బోల్టులు లోపల్లోపలే తుప్పు పట్టిపోతాయి. పైన పెయింటు బాగానే కనిపిస్తుంది. స్టాండు మీద కాలు మోపకండి, దానికి తాడు కట్టకండి, కిటికీ గ్రిల్లుకీ కట్టకండి. ఒళ్లంతా పట్టి ఉంచే బెల్టు, అంటే ఫుల్ బాడీ హార్నెస్ వేసుకుని తాడును కాంక్రీటు పిల్లర్ లాంటి గట్టి ఆధారానికే బిగించాలి. షాపులో ఉన్నప్పుడు పక్కన ఇంకొకరు ఉంటారు. సొంతంగా దిగాక హెల్పర్ కూలి మిగుల్చుకుందామని ఒక్కరే ఎత్తుకెక్కడం మొదలవుతుంది. ఎత్తు మీద పనికి రేటు చెప్పేటప్పుడే హెల్పర్ కూలి కలిపి చెప్పండి. కస్టమర్ ఒప్పుకోకపోతే ఆ పని వదిలేయండి.

గ్యాస్ గ్యారంటీ విషయంలోనూ ఉప్పుగాలే నష్టపెడుతుంది. కాయిల్‌కి సన్నటి చిల్లులు పడ్డ యూనిట్‌లో లీకు వెతక్కుండా గ్యాస్ ఎక్కించి మూడు నెలల గ్యారంటీ ఇస్తే, రెండోసారి గ్యాస్ ఖర్చు మీ జేబులోంచే పోతుంది. ముందు నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి, రాగి పైపులు కలిసే ఫ్లేర్ జాయింట్ల దగ్గర, కాయిల్ మీద సబ్బునురగతో చూడండి. యూనిట్ ప్లేటు మీద రాసిన ప్రెషర్ దాటకూడదు. నైట్రోజన్ దొరకలేదని ఆక్సిజన్ వాడితే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలుతుంది. తర్వాత పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేయాలి. ఆ వ్యాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి దిగి, పంపు ఆపాక కూడా నిలబడితేనే గ్యాస్ ఎక్కించాలి, అదీ ప్లేటు మీద రాసిన బరువు చూసి, తూకం వేసి. ఇప్పటి చాలా ఏసీల్లో ఉండే ఆర్-32 మండే గ్యాస్. అది లోపల ఉండగా పైపులు అతికే బ్రేజింగ్ టార్చ్ వెలిగించకూడదు. కాబట్టి మొదటి డబ్బు వ్యాక్యూమ్ పంపు, గ్యాస్ ప్రెషర్ చూసే మానిఫోల్డ్ గేజ్, తూకం, కరెంటు కొలిచే క్లాంప్ మీటర్, హార్నెస్‌ల మీద పెట్టండి. బండి లోను తర్వాత చూసుకోవచ్చు.

యూనిట్ విప్పే ముందు బిల్లు అడగండి. చాలా కంపెనీలు కంప్రెసర్‌కి 10 ఏళ్ల వారంటీ ఇస్తున్నాయి. బయటివాళ్లు విప్పారని కంపెనీ వారంటీ తోసిపుచ్చితే కస్టమర్ మీ మీదకే వస్తారు.

ఉద్యోగంలో ఉండగా కొందరికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా ఉంటుంది, మానేశాక దెబ్బ తగిలితే ఖర్చు మీదే. ప్రమాద బీమా అయిన ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. కొత్త ఏడాది జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే చివర్లో ఆ 20 రూపాయలు కోసుకునే బ్యాంకు ఖాతా ఖాళీగా ఉంచకండి. అయితే ఆసుపత్రి బిల్లు ఇందులో రాదు, ఆరోగ్య బీమా వేరే తీసుకోవాలి. పీఎఫ్ డబ్బు పనిముట్ల కోసం తీయకండి. పింఛనుకు 10 ఏళ్ల సర్వీసు కావాలి. అంతకు తక్కువుంటే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి, మళ్లీ ఉద్యోగంలో చేరితే పాత సర్వీసు కలుస్తుంది.

కాగితాల పని పెద్దది కాదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్‌లతో అయిపోతుంది. ముద్రా లోనులో శిశు కింద 50,000 దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా తనఖా లేకుండా ఇస్తారు. చేతివృత్తులవాళ్ల కోసం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఆ పథకంలోని 18 వృత్తుల్లో ఏసీ మెకానిక్ లేరు, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ కూడా లేరు. సర్వీసు పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయ్యే పరిమితి ఏడాదికి 20 లక్షలు. అది లాభం మీద కాదు, వేసిన బిల్లుల మొత్తం మీద. మీరే కొని వేసిన కంప్రెసర్ ధర కూడా అందులో కలుస్తుంది.

పరవాడ ఫార్మా కంపెనీల పనో, హోటళ్ల ఏఎంసీనో (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) వస్తే సంబరపడే ముందు డబ్బు ఎన్నాళ్లకిస్తారో రాయించుకోండి. పని మొదలెట్టేనాటికే మీకు ఉద్యమ్ నంబరు ఉంటే, ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. రాతకోతలు లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ అడగవచ్చు, చిన్న వ్యాపారాల బకాయిల కోసం ప్రభుత్వం పెట్టిన పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. బిల్లులో 1 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపన్ను కోస్తారు. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక రాగానే అవుట్‌డోర్ యూనిట్లు దించమని కాల్స్ వస్తాయి. గాలి పెరగక ముందే చేయగలిగినన్నే ఒప్పుకోండి. తుపాను వెళ్లాక కరెంటు వచ్చీరాగానే ఏసీ ఆన్ చేయవద్దని మీ కస్టమర్లకు ముందే చెప్పండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు తడిసిన బోర్డులను మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాక, ఇన్సులేషన్ చూసి, వోల్టేజీ నిలకడగా ఉందో లేదో కొలిచాకే సప్లై ఇవ్వాలి.