కాలేజీ టెన్నిస్ ఆడాలంటే ముందు ఆ టీమ్‌లో ఆరో నంబర్ ఎవరో చూడు

అమెరికాలో కాలేజీ టెన్నిస్ ఆడాలనుకునే పిల్లల్లో చాలామంది పేరున్న యూనివర్సిటీలు నాలుగు ఏరుకుని, కోచ్‌లందరికీ ఒకే మెయిల్ పంపేసి, రోజూ ఇన్‌బాక్స్ చూసుకుంటూ కూర్చుంటారు. జవాబు రాదు. నువ్వు బాగా ఆడతావన్న ఒక్క సంగతి కోచ్‌కి సరిపోదు మరి, ఫలానా ఏడాది తన టీమ్‌లో ఖాళీ అయ్యే చోటుకి పనికొస్తావా లేదా అన్నదే ఆయన చూసేది.

కాబట్టి నువ్వూ అక్కడే మొదలుపెట్టు. టీమ్ వెబ్‌సైట్‌లో రోస్టర్ (టీమ్ సభ్యుల జాబితా) పేజీ ఉంటుంది, ప్రతి ప్లేయర్ పేరు పక్కన ఫ్రెష్‌మనా (మొదటి ఏడాది), జూనియరా (మూడో ఏడాది), సీనియరా (చివరి ఏడాది) అన్నది రాసి ఉంటుంది. నువ్వు చేరే ఏడాదికి ఎవరెవరు డిగ్రీ పూర్తిచేసుకుని వెళ్లిపోతారో లెక్కేసుకో. తర్వాత ఈ సీజన్ మ్యాచ్ స్కోర్లు తెరిచి సింగిల్స్‌లో ఆరుగురిని బలాన్ని బట్టి ఒకటి నుంచి ఆరు వరకు వరసగా ఆడిస్తారు, అందులో నాలుగు, ఐదు, ఆరు స్థానాల్లో ఎవరు ఆడుతున్నారో, వాళ్ల యూటీఆర్ (ఆట స్థాయిని చెప్పే రేటింగ్) ఎంతో చూడు. ఒకటో నంబర్‌తో నీకు పనిలేదు. ఆరో నంబర్‌కి దగ్గర్లో ఉంటే ఆ కాలేజీని లిస్టులో ఉంచు, బాగా కింద ఉంటే మొహమాటం లేకుండా కొట్టెయ్. కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ సంస్థలో పై స్థాయి అయిన డివిజన్ 1 ప్లేయర్లలో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చినవాళ్లే, దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ప్లేయర్ల జాబితా)లోంచి నీకన్నా మూడు నాలుగేళ్లు పెద్దవాళ్లు కూడా అదే చోటు అడుగుతుంటారు. డివిజన్ 2, డివిజన్ 3, ఎన్ఏఐఏ (ఎన్‌సీఏఏ కాకుండా ఇంకో కాలేజీ క్రీడా సంఘం) కాలేజీలను చిన్నచూపు చూడకు. పెద్ద టీమ్‌లో నాలుగేళ్లు బెంచీ మీద కూర్చోవడం కన్నా చిన్న టీమ్‌లో ప్రతి వారం ఆడటమే మేలని నా అభిప్రాయం.

యూటీఆర్ గురించి ఒక మాట. 16.5 వరకు ఉండే ఈ రేటింగ్‌లో నీ వయసుకీ, నీ దేశానికీ సంబంధం లేదు, ఎవరితో ఆడావు, ఎన్ని గేమ్‌లు గెలిచావు అన్నదే లెక్క. అంటే బలమైన వాడి చేతిలో 4-6, 4-6తో ఓడినా నీకు మంచే జరగొచ్చు, మొదటి సెట్ పోయిందని రెండో సెట్ వదిలేస్తే మాత్రం దెబ్బ తగులుతుంది. రేటింగ్ కాపాడుకోవడానికి టోర్నమెంట్లు మానేసేవాళ్లు ఉంటారు, కోచ్‌లకి ఆ వేషాలన్నీ తెలుసు.

ఇక మెయిల్. అది నువ్వే రాయాలి, నాన్న రాసి నీ పేరు పెడితే ఇట్టే తెలిసిపోతుంది. సబ్జెక్ట్ లైన్‌లోనే పేరు, స్కూల్ పూర్తయ్యే ఏడాది, యూటీఆర్, జీపీఏ (మార్కుల సగటు) పెట్టు. లోపల ఐదారు లైన్లు చాలు: ఆ టీమ్‌నే ఎందుకు అనుకున్నావు (రోస్టర్ చూశావని తెలిసేలా), రాబోయే నెలల్లో ఏ టోర్నమెంట్లు ఆడుతున్నావు, వీడియో లింకు. ఇంకో సంగతి, పదో తరగతి తర్వాత వచ్చే జూన్ 15కి ముందు డివిజన్ 1 కోచ్ రిక్రూటింగ్ గురించి నీతో మాట్లాడకూడదని రూల్. అప్పటిదాకా జవాబు రాకపోతే టెన్షన్ పడకు. ఆ తేదీ దాటాక కూడా రాకపోతే కొత్త రిజల్టులతో ఇంకోసారి రాయి, ఓడిన మ్యాచ్‌లు దాచకుండా.

వీడియోకి పాటలు, స్లో మోషన్ వద్దు. కెమెరాని బేస్‌లైన్ వెనక ఫెన్స్ మీద ఎత్తుగా కట్టు, కోర్టంతా కనిపించాలి. సర్వ్, రిటర్న్, వాలీ కొంచెం కొంచెం చూపించి, తర్వాత కత్తిరించకుండా నిజమైన మ్యాచ్‌లోంచి కొన్ని గేమ్‌లు పెట్టు. డబుల్ ఫాల్ట్ అయ్యాక నీ మొహం ఎలా ఉంది, రాకెట్ నేలకేసి కొట్టావా, గబగబా తర్వాతి సర్వ్ వేసేశావా అన్నది కూడా చూస్తారు వాళ్లు.

స్కూల్ పిల్లలు నిర్లక్ష్యం చేసేది డబుల్స్. డివిజన్ 1 మ్యాచ్‌లో ముందు మూడు డబుల్స్ ఆడతారు, ఒక్కోటి ఒకే సెట్, రెండు గెలిచిన టీమ్‌కి ఒక పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికి ఒక్కో పాయింటు, మొత్తం ఏడులో నాలుగు ముందు తెచ్చుకున్న టీమ్‌దే మ్యాచ్. పైగా నో-యాడ్ స్కోరింగ్, డ్యూస్ అయితే ఒక్క పాయింటుతో గేమ్ తేలిపోతుంది. సింగిల్స్‌లో ఏడో ఎనిమిదో స్థానంలో ఉన్నా, నెట్ దగ్గర చెయ్యి బాగుంటే డబుల్స్‌లో చోటు దొరుకుతుంది. కాబట్టి వారానికి రెండు రోజులైనా పార్ట్‌నర్‌తో ప్రాక్టీస్ పెట్టుకో.

చదువు లేకుండా ఇవేవీ పనికిరావు. ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్ (ఆడే అర్హత చూసే విభాగం)లో అకౌంటు తెరవాలి, స్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు) ఉండాలి, వాటిలో జీపీఏ డివిజన్ 1కి కనీసం 2.3, డివిజన్ 2కి 2.2. ఎన్‌సీఏఏ అర్హతకి శాట్, యాక్ట్ ప్రవేశ పరీక్షల స్కోర్లు 2023లోనే తీసేశారు గానీ కాలేజీ అడ్మిషన్‌కి అడగొచ్చు. స్కూల్ అయ్యాక ఏడాది ఆగి టోర్నమెంట్లు తిరుగుదామనుకుంటే, ప్రైజ్ మనీ తీసుకుందామనుకుంటే, ముందు ఆ కాలేజీలో రూల్స్ చూసుకునే కంప్లయన్స్ ఆఫీసుని అడుగు, ఆడే అర్హతకే ఎసరు రావొచ్చు.

డబ్బు సంగతి. 2025-26 నుంచి ఎన్‌సీఏఏ కోర్టు కేసులో కుదిరిన కొత్త సెటిల్‌మెంట్‌లో చేరిన డివిజన్ 1 కాలేజీలకి స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి పోయింది, బదులుగా టెన్నిస్ టీమ్‌లో 10 మందికి మించకూడదు. అంతమందికీ ఫుల్ స్కాలర్‌షిప్ ఇస్తారని ఆశపడకు, కాలేజీ బడ్జెట్ ఎంత ఉంటే అంతే. డివిజన్ 3లోనూ, ఐవీ లీగ్‌లోనూ ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వరు, ఇంటి ఆదాయాన్ని బట్టి ఇచ్చే సాయం మాత్రం గట్టిగానే ఉండొచ్చు.

కాలేజీకెళ్తే ప్రొఫెషనల్ ఆట ముగిసినట్టేనని ఎవరైనా అంటే, వర్జీనియా తరఫున 2007, 2008లో ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్‌ని, ఫ్లోరిడా తరఫున 2022లో గెలిచిన బెన్ షెల్టన్‌ని చూపించు, ఇద్దరూ తర్వాత ప్రొఫెషనల్‌గా ఆడినవాళ్లే.

క్యాంపస్ చూడటానికి పిలిస్తే కోచ్‌ని మూడు అడుగు: స్కాలర్‌షిప్ ఏటా కొనసాగుతుందా, గాయమైతే ఏమవుతుంది, మొదటి ఏడాది నన్ను ఎన్నో స్థానంలో అనుకుంటున్నారు. ఆ తర్వాత కోచ్ లేనప్పుడు టీమ్‌లో ఆడే అవకాశం తక్కువ దొరికే ప్లేయర్‌ని పట్టుకుని, ఇక్కడ ఎలా ఉందని అడుగు.