కాలికి కరెంటు పెట్టే ముందు

పోయిన వారం వాట్సాప్‌లో ఒక కుర్రాడి తొడ ఫొటో వచ్చింది. తాటిచెట్టు మీంచి పడి నడుము కింద స్పర్శ పోయినవాడు. చచ్చుబడ్డ కాలి కండరాన్ని కరెంటుతో కదిలించే మిషన్ ఉంటుంది కదా, దాని ప్యాడ్ పెట్టిన చోట రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ, చుట్టూ ఎర్రటి అంచు. "చిన్న పొక్కే కదన్నా, తగ్గిపోద్ది" అంటాడు వాళ్లన్న. అది పొక్కు కాదు. చర్మం లోపలిదాకా కాలింది. స్పర్శ లేని కాలికి పుండు పడితే ఎన్ని నెలలు తినేస్తుందో తొమ్మిదేళ్లుగా వీల్‌చైర్లో ఉన్న నాకు తెలుసు.

కండరం కదల్లేదని కరెంటు పెంచారు. అయినా కదల్లేదని ఇంకా పెంచారు. వాడికి తెలియదు, కాబట్టి అరవలేదు.

కదలకపోతే పెంచకండి. ఆపండి.

ఎందుకంటే ఈ మిషన్ కండరాన్ని నేరుగా కదిలించదు, దానికి వెళ్లే నరాన్ని తట్టి కదిలిస్తుంది. దెబ్బ వెన్నుపాములో పైన తగిలితే కింది నరాలు చాలావరకు బతికే ఉంటాయి, అందుకే పనిచేస్తుంది. నడుము దగ్గర, ఎల్1, ఎల్2 అనే వెన్నుపూసల ప్రాంతంలో తగిలితే నరమే పోయి ఉండొచ్చు. కాళ్లు ఎప్పుడూ బిగుసుకోకుండా గుడ్డపీలికల్లా వేలాడుతుంటే ముందు ఇదే అనుమానించాలి. వైరు తెగిన ఫ్యానుకి రెగ్యులేటర్ ఎంత తిప్పితే ఏం లాభం? మామూలు మిషన్ పల్సు, అంటే ఒక్కో కరెంటు తట్టు, 200 నుంచి 400 మైక్రోసెకండ్లు. నరం చచ్చిన కండరానికి పదుల మిల్లీసెకండ్ల పల్సు కావాలి (ఒక మిల్లీసెకండు అంటే వెయ్యి మైక్రోసెకండ్లు). దాని మిషన్ వేరు, అది ఇంట్లో సొంతంగా చేసే పని కాదు.

రెండోది బీపీ. దెబ్బ డీ6 (ఛాతీ వెనక ఆరో వెన్నుపూస) దగ్గరగానీ ఆ పైనగానీ ఉన్నవాళ్లకి కరెంటు పెట్టగానే బీపీ ఒక్కసారిగా ఎగబాకొచ్చు. తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడటం, పైభాగంలో చెమట. వెంటనే మిషన్ ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి దించి, బిగుతు బట్టలు వదులు చేయండి. యూరిన్ పైపు మడత పడిందేమో చూడండి. పడుకోబెట్టొద్దు. తగ్గకపోతే ఆసుపత్రికి. అక్కడ "140 ఏగా" అని తేలిగ్గా తీసేస్తే, ఈ మనిషికి మామూలుగా ఉండేది 100 అని గట్టిగా చెప్పండి.

ఎముకలు. ఏళ్లుగా బరువు మోయని కాలి ఎముక మోకాలి దగ్గర గుల్లబారుతుంది. తొడ కండరం బలంగా గుంజేటప్పుడు పాదాన్ని పట్టీతో కట్టేసినా, చేత్తో అదిమి పట్టినా విరగొచ్చు. విరిగినా నొప్పి తెలియదు, వాపు చూసి కనుక్కోవాలి.

పేస్‌మేకర్ ఉంటే మిషన్ ముట్టుకోవద్దు. ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే ఆ రోజు పెట్టొద్దు, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. గొంతు మీద వద్దు. ఛాతీకి అడ్డంగా వద్దు. గర్భిణికి పొట్ట మీద, నడుము మీద వద్దు. పుండు మీద, దాని అంచున వద్దు. నూనె, పౌడరు తుడిచి ప్యాడ్ అంటించండి. అంచులు లేచిన ప్యాడ్, జిగురు ఎండిన ప్యాడ్ పారేయండి, మిగిలిన కాస్త చోటులోనే కరెంటంతా దిగి కాలుస్తుంది. వంద రూపాయలకి చూసుకుని తోలు కాల్చుకోకండి. నొప్పికి వాడే టెన్స్ మిషన్‌తో కండరం పెంచుదామనుకోకండి. ఛార్జింగులో ఉండగా వాడొద్దు. నిద్రలో వద్దు. తీగ ఊడితే సున్నాకి తెచ్చాకే మళ్లీ గుచ్చండి, డయల్ పైన ఉండగా తగిలితే కాలు ఎగిరిపడుతుంది. అయ్యాక ప్యాడ్ తీసి వెలుతురులో చూడండి. ఎరుపు మర్నాటికీ పోకపోతే కాలినట్టే, డాక్టరుకి చూపించండి.

కదల్లేదా? పెంచొద్దు.

ఫిజియో పెట్టిచ్చిన చోట డయల్ పక్కన స్కెచ్ పెన్నుతో గీత గీసుకోండి. బావైనా, బాబాయైనా, ఆ గీత దాటి తిప్పబోయినవాడిని గదిలోంచి పంపేయండి.