సరౌండ్ రికార్డింగ్‌లో ధ్వని చోటు తప్పితే: సమస్యలు, పరిష్కారాలు

సరౌండ్ అంటే ముందూ వెనకా, వినేవారి చుట్టూ స్పీకర్లు పెట్టి వినే పద్ధతి. దానికోసం ఐదు మైకులతో కచేరీ రికార్డ్ చేసి, తీరా స్పీకర్ల మధ్య కూర్చుని వింటే ఏదో తేడాగా ఉంటుంది. వెంటనే ఈక్వలైజర్ జోలికి వెళ్లకండి. ముందు కొలత టేపు తీయండి. మైకుల మధ్య దూరం ఎంత, ఒక్కో మైకు ఎటు చూస్తోంది, కళాకారులకు అవి ఎంత దూరంలో ఉన్నాయి అన్న మూడు సంగతుల్లోనే ఎక్కువ లోపాలకు మూలం దొరుకుతుంది. అక్కడ తప్పు పడితే తర్వాత ఏ ప్లగిన్ కూడా పూర్తిగా సరిచేయలేదు. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కచేరీ అయినా, ఏదో కల్యాణ మండపంలో త్యాగరాజ ఆరాధన అయినా, కృష్ణ ఒడ్డున భజన అయినా ఇంతే.

గాత్రం కుడి స్పీకర్లో వస్తోంది, వెనక కుడి స్పీకర్ మూగబోయింది

దీనికి మైకులను అనుమానించనక్కర్లేదు. ఛానెళ్ల వరస తారుమారైంది. సినిమా పద్ధతిలో ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, సబ్‌వూఫర్ (లోతైన శబ్దాలకే ఉండే స్పీకరు) అని పేర్చిన ఫైలును, ఎడమ, కుడి, మధ్య, సబ్‌వూఫర్, వెనక ఎడమ, వెనక కుడి అని చదివే ప్లేయర్‌కి ఇస్తే సరిగ్గా ఇలాగే వినిపిస్తుంది. ట్రాకుల వరస మారిస్తే చాలు. ఈసారి నుంచి కచేరీకి ముందే ఒక్కో మైకు దగ్గర నిలబడి "ఎడమ", "మధ్య" అని గట్టిగా చెప్పి రికార్డ్ చేసి పెట్టుకోండి.

అందరూ మధ్యలో కుప్పపడ్డారు, లేదా రెండు చివరలకూ అతుక్కుపోయారు

మైకుల జత పట్టే వెడల్పుకూ, వేదిక మీద కళాకారులు కూర్చున్న వెడల్పుకూ పొంతన కుదరలేదన్నమాట. ప్రతి జతకూ ఒక రికార్డింగ్ కోణం ఉంటుంది. ఆ కోణం అంచున ఉన్న వాద్యం సరిగ్గా స్పీకర్ దగ్గర వినిపిస్తుంది. అంచు దాటి బయట ఎక్కడున్నా అదే స్పీకర్‌లోకి వచ్చి పడుతుంది. ధ్వని నిపుణుడు మైకేల్ విలియమ్స్ 1980లలో ఈ లెక్కలను చార్టులుగా గీసి పెట్టారు, తర్వాత వాటినే ఐదు మైకుల అమరికలకూ విస్తరించారు. సరౌండ్ నేర్చుకునేవాళ్లు మొదట పట్టు సాధించాల్సింది దీని మీదే.

మన కచేరీనే తీసుకుందాం. గాయని మధ్యలో, శ్రోతల వైపు నుంచి చూస్తే ఎడమన మృదంగం, కుడిన వయొలిన్. మృదంగం కుడి ముఖం శ్రోతల వైపు ఉండాలని సాధారణంగా అలా కూర్చుంటారు. ఆ చివర నుంచి ఈ చివరకు 3 మీటర్లు అనుకోండి. 17 సెంటీమీటర్ల ఎడం, 110 డిగ్రీల కోణంతో రెండు మైకులను పెట్టే ఓఆర్‌టీఎఫ్ అనే జతకు రికార్డింగ్ కోణం సుమారు 96 డిగ్రీలు. జతను 2 మీటర్ల దూరంలో పెడితే కళాకారులు 74 డిగ్రీలే ఆక్రమిస్తారు, కాబట్టి స్పీకర్ల వైపు చోటు ఖాళీగా మిగిలిపోతుంది. 1.35 మీటర్లకు జరిపితే చక్కగా నిండుతుంది. 1 మీటరుకు తెస్తే సుమారు 113 డిగ్రీలవుతుంది, మృదంగం, వయొలిన్ చెరో స్పీకర్లో ఇరుక్కుంటాయి.

స్టాండు జరిపే వీల్లేకపోతే మైకుల మధ్య దూరమో, కోణమో మార్చండి. వాటిని పెంచితే రికార్డింగ్ కోణం తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. చాలామందికి ఇది తిరగబడినట్టు అనిపిస్తుంది. ఇంట్లో మైకుల ముందు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మాట్లాడుతూ నడిచి రికార్డ్ చేసి వినండి, తేలిగ్గా బోధపడుతుంది.

తల కాస్త కదిపితే గాత్రం కూడా కదులుతోంది

ముందువైపు మూడు మైకులుంటే నిజానికి మూడు జతలున్నట్టు: ఎడమ-మధ్య, మధ్య-కుడి, ఎడమ-కుడి. ఒకే గొంతు మూడు జతల్లోనూ పడి మసకబారుతుంది. ధ్వని పరిశోధకుడు గుంథర్ థైలే రూపొందించిన ఓసీటీ అనే అమరిక దీనికి మంచి విరుగుడు. మధ్యలో కార్డియాయిడ్ మైకును (ముందువైపు ధ్వనినే ఎక్కువగా పట్టేది) 8 సెంటీమీటర్లు ముందుకు పెట్టి, చెరోవైపు సూపర్‌కార్డియాయిడ్లను (పక్కల ధ్వనిని ఇంకా తక్కువగా పట్టేవి) పూర్తిగా పక్కకు తిప్పుతారు. మధ్యలో ఉన్న గొంతు పక్క మైకుల్లో దాదాపు 9 డెసిబెల్స్ తక్కువగా పడుతుంది. పక్క మైకుల మధ్య ఎడం 40 సెంటీమీటర్లయితే రికార్డింగ్ కోణం సుమారు 160 డిగ్రీలు, 90 సెంటీమీటర్లయితే సుమారు 90.

పాట రెండు చోట్ల నుంచి వస్తోంది, గొంతు గరగరలాడుతోంది

మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. కారణం మైక్‌సెట్టు. అమరికను శ్రోతల మధ్య పెడితే గాయని కంటే మైక్‌సెట్టు స్పీకర్లే దానికి గట్టిగా వినిపిస్తాయి. అమరికను వేదిక మీదికే, స్పీకర్ల వరసకు వెనక్కి తీసుకెళ్లండి. మైక్‌సెట్టు అబ్బాయితో ముందే మాట్లాడి మానిటర్ల (కళాకారుల వైపు తిప్పిన స్పీకర్ల) వాల్యూమ్ తగ్గించమనండి. మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, కచేరీ మొదలయ్యాక అడిగితే మాత్రం ఎవరికైనా టెన్షనే.

గాయని ముందున్న మైకు నుంచి విడిగా ఒక ట్రాక్ తీసుకుని కలిపితే స్పష్టత వస్తుంది. కానీ అమరిక 2 మీటర్ల దూరంలో ఉంటే ఆ ట్రాక్ దాదాపు 6 మిల్లీసెకన్లు ముందుంటుంది, అంత మేర ఆలస్యం చేసి కలపాలి. 40 డిగ్రీల ఎండలో ధ్వని వేగం సెకనుకు 343 నుంచి 355 మీటర్లకు పెరుగుతుంది కానీ, ఈ లెక్కకు ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.

వయొలిన్ వెనక నుంచి వినిపిస్తోంది

వెనక మైకులు హాలును కాకుండా వేదికనే వింటున్నాయి. కార్డియాయిడ్లయితే వాటి వీపు వేదిక వైపు ఉండేలా తిప్పండి. ఇంకా మంచిది హమాసాకి స్క్వేర్ అనే అమరిక: ముందూ వెనకా విని పక్కలు వినని ఫిగర్-8 మైకులు నాలుగింటిని 2 నుంచి 3 మీటర్ల చతురస్రంగా, పక్క గోడలను చూసేలా పెడతారు. వాటికి వినపడని దిశ వేదిక వైపు ఉంటుంది. వెనక మైకులు మరీ దూరమైతే మృదంగం దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది, 15 మీటర్లకు 44 మిల్లీసెకన్లు. అప్పుడు ఎడిటింగులో ఆ ట్రాకులను కొంచెం ముందుకు లాగండి.

గోష్ఠిగానంలో పక్కన కూర్చున్నవాళ్లు మాయమయ్యారు

పంచరత్న కీర్తనలకు ఎదురెదురు వరసల్లో కూర్చున్నప్పుడు మధ్యలో పెట్టే అమరిక సరౌండ్‌కు అసలైన పరీక్ష. మన ముక్కుకు సూటిగా ఉన్న దిశ నుంచి కొలిస్తే ముందు స్పీకరు 30 డిగ్రీల దగ్గర, వెనకది 110 డిగ్రీల దగ్గర ఉంటాయి. ఈ రెండింటి మధ్య, సరిగ్గా మన చెవి పక్కన, ఒక గొంతును స్థిరంగా నిలపడం కష్టం. అది ముందుకో వెనక్కో దూకేస్తుంది. కాబట్టి వరసలు పక్కలకు కాకుండా ముందూ వెనకా వచ్చేలా అమరికను తిప్పండి. నాలుగు కార్డియాయిడ్లను 20-25 సెంటీమీటర్ల చతురస్రంగా, 90 డిగ్రీల చొప్పున బయటికి చూపించే ఐఆర్‌టీ క్రాస్ అనే అమరిక ఇక్కడ బాగా పనికొస్తుంది. వెనక నుంచి పాట వినపడటం ఎబ్బెట్టు అనేవాళ్లున్నారు. గోష్ఠి మధ్యలో కూర్చున్నవారికి వినిపించేది అలాగే కాబట్టి, నాకైతే అదే న్యాయం అనిపిస్తుంది.

ఒక్క మైకులో చిటపటలు, గుభగుభలు

చిటపటలైతే తేమ. ఏసీ కారులోంచి దించిన చల్లటి కండెన్సర్ మైకును వెంటనే ఉక్కపోతలోకి తీస్తే లోపల తేమ పేరుకుంటుంది. సంచీ మూత తీయకుండా అరగంట బయట ఉంచి, ఆ తర్వాత బిగించండి. సంచీలో ఎప్పుడూ సిలికా జెల్ పొట్లాలు ఉండాలి. గుభగుభలైతే గాలి. కృష్ణ ఒడ్డున పలచటి స్పాంజి తొడుగు సరిపోదు, బొచ్చు తొడుగు తప్పనిసరి. ఫిగర్-8, కార్డియాయిడ్ మైకులు ఓమ్నీల (అన్ని దిక్కులనూ సమానంగా వినే మైకుల) కంటే గాలికి తొందరగా లొంగిపోతాయి. అందుకే ఆరుబయట వెనకవైపుకు, ఎడం పెంచి, ఓమ్నీలు పెట్టడమే మేలు.