జీబ్రా చేప పాఠాలు – 4: కిడ్నీ, ఎముక... తప్పు ఒకే జన్యువుదా?

పోయిన భాగంలో, జన్యువుకుండే రెండు కాపీల్లో ఒక్కదానిలోనే మ్యుటేషన్ (జన్యువును చెడగొట్టే మార్పు) ఉన్న ఆడచేపనీ మగచేపనీ జతకట్టించాం. పిల్లల్లో దాదాపు నాలుగోవంతుకు చెడిన కాపీలు రెండూ వస్తాయి. వాటిని కంటితో గుర్తుపట్టి, కిడ్నీ లోపం, ఎముక లోపం రెండూ ఒకే జన్యువు వల్లేనా అని చూడటం ఈ భాగం పని.

ముందు కిడ్నీ. ఈ చేపపిల్ల తొలి కిడ్నీలో ఉండేవి రెండే నెఫ్రాన్లు (వడపోత నాళాలు), నడుమ ఒకే గ్లోమెరులస్ (రక్తాన్ని వడకట్టే సన్నటి రక్తనాళాల ముద్ద). 28.5 డిగ్రీల సెల్సియస్‌లో పెంచితే గుడ్డు ఫలదీకరణ అయిన 48 గంటల ప్రాంతంలో వడపోత మొదలవుతుంది. నాళాల్లో సిలియా అనే సన్నటి నూగు కొట్టుకుంటూ ద్రవాన్ని తోక వైపు తోస్తుంది. ఐఎఫ్‌టీ88 లాంటి జన్యువు చెడితే సిలియా నిలవవు. ద్రవం కదలక గ్లోమెరులస్ దగ్గర ఉబ్బుతుంది. మూడో రోజు పక్కరెక్క దగ్గర చూస్తే గాజుబుడగ లాంటి తిత్తి కనిపిస్తుంది. ఒళ్లు కూడా వంకర తిరుగుతుంది. గుండె చుట్టూ నీరు చేరిందని మాత్రం కిడ్నీని అనుమానించకండి. గుండె సరిగా కొట్టుకోకపోయినా అదే వాపు వస్తుంది. మొదట్లో అందరూ పడే గోతి ఇది.

ఎముకకు తొందరపడొద్దు. ఐదో రోజుకు కూడా తలలో ఎక్కువ భాగం మృదులాస్థే. దాన్ని ఆల్షియన్ బ్లూ నీలంగా, సున్నం పట్టిన ఎముకను అలిజరిన్ రెడ్ ఎర్రగా చూపించే రంగులు. కింది దవడ పొట్టిగా ఉందా, వంగిందా చూడండి.

చిక్కల్లా ఇక్కడే. తిత్తిని బతికున్న పిల్లలో చూస్తాం, రంగు వేయాలంటే పిల్లను చంపక తప్పదు. అందుకే రెండో రోజే ఒక్కో పిల్లను గుంటలున్న పళ్లెంలో ఒక్కో గుంటలో వేసి నంబరు రాయండి. రంగు వేసేముందు తోక కొస కోసి డీఎన్‌ఏ కోసం దాచండి. అన్నిటినీ ఒకే గిన్నెలో ఉంచితే ఏ తిత్తి ఏ దవడదో ఎవరూ చెప్పలేరు.

నంబర్లుంటే లెక్క సులువు. 80 పిల్లల్లో 20కి తిత్తులు, 20కి దవడ పొట్టి అనుకుందాం. రెండూ ఉన్నవి 19 అయితే ఒకే జన్యువుపై అనుమానం గట్టిపడుతుంది. మనుషుల్లోనూ ఇలాంటి జంట ఉంది: ఐఎఫ్‌టీ80 చెడితే వచ్చే జ్యూన్ సిండ్రోమ్‌లో ఛాతీ ఇరుకవుతుంది, కొందరికి కిడ్నీలూ దెబ్బతింటాయి. అయినా 19 చూసి సంబరపడొద్దు. ఒకే క్రోమోజోమ్‌పై పక్కపక్కనున్న రెండు జన్యువులు చెడినా అదే అంకె రావచ్చు. ఒకే కణంగా ఉన్నప్పుడే గుడ్డులోకి మంచి జన్యువు ఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు ఇచ్చే నకలు) ఎక్కించి, తిత్తీ దవడా రెండూ సర్దుకుంటాయేమో చూడాలి. ఆర్‌ఎన్‌ఏ కొద్ది రోజుల్లో కరిగిపోతుంది కాబట్టి దవడ సర్దుకోకపోయినంత మాత్రాన జన్యువు వేరని తేల్చేయకూడదు.

అభ్యాసం: అదే 80లో రెండూ ఉన్నవి 5 మాత్రమే అయితే? నాలుగోవంతులో నాలుగోవంతు ఎంతో లెక్కవేసి చూడండి. జవాబు 5వ భాగంలో.