బార్సిలోనాలో అర్ధరాత్రి దాటాక టాక్సీ ఖర్చు తప్పాలంటే
బార్సిలోనా క్లబ్బుల్లో సందడి రాత్రి రెండింటికి గానీ ఊపందుకోదు. మెట్రో మాత్రం ఆదివారం నుంచి గురువారం దాకా 12కే బంద్. శుక్రవారం 2 దాకా ఉంటుంది, శనివారం రాత్రి తెల్లవార్లూ.

మెట్రో అయిపోతే నగరం నడిబొడ్డున ఉన్న చౌక్ ప్లాసా దె కాతలున్యాకి నడవండి. ‘ఎన్’తో మొదలయ్యే నంబర్ల నిట్‌బస్సుల్లో (రాత్రి బస్సులు) చాలావరకు అక్కడ ఆగుతాయి, సుమారు 20 నిమిషాలకొకటి. పది ప్రయాణాల టి-కాజువల్ కార్డు వీటిలోనూ చెల్లుతుంది. 75 నిమిషాల్లోపు ఇంకో బస్సుకి మారితే రెండో ప్రయాణం కోత పడదు.

రెండు దిక్కులకూ స్టాపులు వేరు. బోర్డు మీద చివరి స్టాప్ పేరు చూడకుండా ఎక్కితే ఊరి అవతలి కొసలో తేలతారు. టి-కాజువల్ కార్డు ఒక్కరికే, ఇద్దరు వాడితే జరిమానా. గుంపుగా వెళ్తుంటే, పలువురు కలిసి వాడుకోగల టి-ఫమిలియార్ కార్డు తీసుకోండి.