బోర్డు డిజైన్ బయటికి ఇవ్వాలా, మనమే చేసుకోవాలా? ముందు లక్షణం చూడండి

బోరు మోటారుని ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్లు తయారుచేసే చిన్న యూనిట్లలో స్టార్టర్ లోపలి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డు మొండికేసిన ప్రతిసారీ ఒకటే మాట వస్తుంది, "ఇది మనవల్ల కాదు, ఏదైనా డిజైన్ హౌస్‌కి (బోర్డులు డిజైన్ చేసిపెట్టే బయటి కంపెనీకి) ఇచ్చేద్దాం" అని. నేనూ ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఆ మాట అనేటప్పటికి చాలాసార్లు అసలు జబ్బేంటో మనకే తెలియదు. తెలియని జబ్బుని బయటివాళ్లకి అప్పగిస్తే ముందు డబ్బు పోతుంది, ఆ తర్వాత సీజన్ పోతుంది.

సమస్య: పొలంలో బోర్డు ఊరికే రీసెట్ అవుతోంది

షెడ్డులో బాగానే నడుస్తుంది, సిగ్నల్ తక్కువున్న చోట బిగించగానే గంటకోసారి రీసెట్. దీనికి ఆర్‌ఎఫ్ (రేడియో సిగ్నళ్ల) నిపుణుడి కోసం వెతకొద్దు. బోర్డు మీద సిమ్‌తో పనిచేసే టూజీ మాడ్యూల్ కరెంటుని నిలకడగా తీసుకోదు. టవర్‌తో మాట్లాడేటప్పుడు ప్రతి 4.6 మిల్లీసెకన్లకి ఒకసారి, అర మిల్లీసెకను పైచిలుకు సేపు, దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది, సిగ్నల్ బలహీనంగా ఉంటే టవర్ గట్టిగా పంపమంటుంది కాబట్టి ఆ లాగుడు పూర్తి స్థాయికి వెళ్తుంది. సప్లై సన్నటి ట్రాక్ (బోర్డు మీది రాగి గీత) మీద దూరం నుంచి వస్తుంటే సరిగ్గా ఆ క్షణంలోనే వోల్టేజ్ పడిపోతుంది. మల్టీమీటర్ చూపించేది సగటు కాబట్టి అందులో 4 వోల్టులు చక్కగా కనిపిస్తాయి. వోల్టేజ్ క్షణక్షణం ఎలా మారుతోందో గీసి చూపే ఆసిలోస్కోప్ ప్రోబ్‌ని మాడ్యూల్ సప్లై పిన్ దగ్గరే పెట్టి చూడండి, అప్పుడు బయటపడుతుంది.

2 ఆంపియర్లు ఇవ్వగల రెగ్యులేటర్, పొట్టిగా వెడల్పుగా ట్రాక్, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్‌ల తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువున్న) కెపాసిటర్ పెడితే చాలావరకు తీరిపోతుంది. ఫోర్‌జీ మాడ్యూల్‌కి మారినా, అది టూజీకి కూడా దిగే రకమైతే ఇదే లెక్క వేసుకోండి. మోటారు ఆగినప్పుడు మాత్రమే రీసెట్ అవుతుంటే అనుమానం కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి తెంచే పెద్ద స్విచ్) కాయిల్ మీదకి వెళ్లాలి, కాయిల్‌కి అడ్డంగా ఆర్‌సీ స్నబ్బర్ (వోల్టేజ్ ఎగిరిపడకుండా ఆపే రెసిస్టర్, కెపాసిటర్ జత) పెట్టి చూడండి. ఈ రెండూ మనం చేసుకోగలిగిన పనులే.

సమస్య: ట్యాంకు దగ్గరి లోరా సెన్సార్‌కి రేంజ్ రావట్లేదు

లోరా అంటే తక్కువ కరెంటుతో చాలా దూరం చిన్న చిన్న సమాచారం పంపే రేడియో పద్ధతి. ఇక్కడ బయటి సాయం కావాల్సి రావచ్చు, కానీ మొదటి రోజే కాదు. మొదట యాంటెనా ఇనుప డబ్బా లోపల ఉందేమో చూడండి, ఉంటే కనెక్టర్ పెట్టి బయటికి తెండి. తర్వాత ఆ యాంటెనా మీద రాసున్న ఫ్రీక్వెన్సీ చూడండి. మన దేశంలో లోరాకి వాడేది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాటిలో 915వి, 433వి కలిసిపోయి ఉంటాయి.

ఇవి రెండూ సరిగ్గానే ఉండి, యాంటెనా బోర్డు మీదే గీసిన రకమైతే, ఎవరిదో రిఫరెన్స్ డిజైన్‌ని (నమూనాగా ఇచ్చిన డిజైన్‌ని) మన బోర్డు మీద అతికించడమే కారణం కావచ్చు. బోర్డు సైజు, గ్రౌండ్, పైన మూత, పక్కన బ్యాటరీ, ఏది మారినా ట్యూనింగ్ పక్కకి జరుగుతుంది. ఇదిగో, ఇది బయటికివ్వాల్సిన పని. యాంటెనా ట్యూనింగ్‌ని కొలిచే మంచి నెట్‌వర్క్ ఎనలైజర్, దాన్ని చదివిన అనుభవం రెండూ కావాలి, పైగా ఏడాదికి ఒక్కసారి అవసరమయ్యే విద్య కోసం మనిషిని జీతమిచ్చి పెట్టుకోలేం. ఇచ్చేటప్పుడు ఖాళీ బోర్డు పంపకండి, మూత, వైర్లు, బ్యాటరీతో సహా పూర్తిగా బిగించిన పెట్టెని పంపండి. సంఖ్య తక్కువైతే యాంటెనాతో వచ్చే రెడీమేడ్ మాడ్యూల్ కొనుక్కోవడమే మేలు.

సమస్య: ఈఎంసీ టెస్టులో ఫెయిల్

ఈఎంసీ అంటే బోర్డు పక్క పరికరాలకి రేడియో ఆటంకం కలిగించకుండా, బయటి ఆటంకానికి లొంగకుండా ఉందా అని చూసే పరీక్ష. చెన్నైలోని సమీర్ (ప్రభుత్వ పరీక్షా కేంద్రం) లాంటి చోటికి బోర్డు తీసుకెళ్లి, 30 మెగాహెర్ట్జ్ నుంచి పైకి గ్రాఫ్ హద్దు గీతని దాటుతుంటే చూస్తూ కూర్చోవడం నిజంగా టెన్షనే. కారణం ఎక్కువగా లేఅవుట్‌లో (బోర్డు మీద భాగాలు, ట్రాకులు అమర్చిన తీరులో) ఉంటుంది: పవర్ సప్లై ఇన్‌పుట్ కెపాసిటర్ ఆ సప్లైలోనే వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే స్విచింగ్ భాగానికి దూరంగా ఉండటం, వేగంగా మారే సిగ్నల్ కింద గ్రౌండ్ తెగిపోవడం. మొత్తం డిజైన్ ఇవ్వొద్దు. బోర్డు అచ్చు వేయించక ముందే అనుభవమున్న ఒకరికి లేఅవుట్ చూపించి రెండు మూడు రోజుల రివ్యూకి డబ్బివ్వండి.

సమస్య: పని ఇచ్చాం, నెలలు గడుస్తున్నా తెగట్లేదు

ఎక్కువసార్లు తప్పు మనదే. "మంచి సప్లై కావాలి" అని చెప్పి ఉంటాం. 300 నుంచి 480 వోల్టుల మధ్య, పెట్టె లోపల 70 డిగ్రీల వేడిలో, ఇంత కరెంటుతో, ఇన్ని గంటలు ఆగకుండా నడవాలి అని అంకెలతో ఒక పేజీ రాయాలి, దాన్ని ఎలా పరీక్షిస్తామో కూడా అందులోనే రాయాలి. ఆ పేజీ రాయలేకపోతే పని ఇంకా బయటికివ్వకండి.

సమస్య: ఒక్క చిప్ మార్చాలన్నా మళ్లీ వాళ్లనే అడగాల్సి వస్తోంది

ఇది మాకే జరిగింది. ఒక ఫ్రీలాన్సర్ దగ్గర బోర్డు చేయించి, చేతికొచ్చిన గెర్బర్ ఫైళ్లు (బోర్డు అచ్చు వేయడానికి ఫ్యాక్టరీకిచ్చే ఫైళ్లు) చూసుకుని అంతా వచ్చిందనుకున్నాం. 2021లో చిప్‌ల కొరత వచ్చి మైక్రోకంట్రోలర్ మార్చాల్సి వచ్చినప్పుడు స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) అసలు ఫైలు లేదు, ఫర్మ్‌వేర్ (చిప్‌లోని ప్రోగ్రామ్) సోర్సు లేదు, ఆయన ఫోన్ ఎత్తలేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మన ఉద్యోగి డ్యూటీలో రాసిన కోడ్ మామూలుగా మనది, కానీ బయటి మనిషి రాసింది డబ్బు కట్టినంత మాత్రాన మనది అయిపోదు, రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ కావాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది. అందుకే గడువు, ఏ దేశాల్లో హక్కు అన్నవి రాయించుకోండి. స్కీమాటిక్, లేఅవుట్ అసలు ఫైళ్లు, సోర్సు, విడిభాగాల లిస్టు, కంపైల్ చేసే పద్ధతి అన్నీ పేరుపేరునా రాయించండి. చివరి వాయిదా మాత్రం, ఆ ఫైళ్లతో మీ టెక్నీషియనే, వాళ్ల సాయం లేకుండా, ఒక బోర్డు చేయించి ప్రోగ్రామ్ ఎక్కించి మోటారు తిప్పి చూపించిన రోజున కట్టండి.