జేమ్స్‌టౌన్ ఎలా చూడాలి? అసలు కోట ఎక్కడ, నమూనా ఎక్కడ, దేనితో మొదలుపెట్టాలి

ఇంగ్లిష్ వాళ్లు అమెరికాలో నిలదొక్కుకున్న మొదటి వలస వర్జీనియాలోని జేమ్స్‌టౌన్. 1607 మే 14న 104 మంది మగవాళ్లు, మగపిల్లలు జేమ్స్ నది ఒడ్డున ఇక్కడ మకాం వేశారు. వాషింగ్టన్ నుంచి దాదాపు 150 మైళ్లు, రిచ్‌మండ్ నుంచి గంట ప్రయాణం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వర్జీనియా తెలుగువాళ్లు పక్కనే ఉన్న చారిత్రక పట్టణం విలియమ్స్‌బర్గ్‌తో కలిపి ఇటు తీసుకొస్తుంటారు. అలా వచ్చినవాళ్లలో కొందరు అసలు చోటు చూడకుండానే తిరిగి వెళ్లిపోతారు.

1. ఏ జేమ్స్‌టౌనో ముందు తేల్చుకోండి

ఆ పేరుతో పక్కపక్కనే రెండు ఉన్నాయి. ‘హిస్టారిక్ జేమ్స్‌టౌన్’ అసలు ద్వీపం. తవ్వకాలు, కోట, పాత చర్చి గోపురం ఉన్నది అక్కడే. ‘జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్’ రాష్ట్రం నడిపే మ్యూజియం. అక్కడి ఓడలు, కోట, పౌహాటన్ల (ఈ ప్రాంతపు మూలవాసుల) పల్లె అన్నీ కొత్తగా కట్టిన నమూనాలు. ఫోన్‌లో ఉత్త ‘జేమ్స్‌టౌన్’ అని కొడితే మ్యాప్ రెండోదానికి తీసుకెళ్లవచ్చు. అసలు చోటు పేరుకు ఇంగ్లిష్ స్పెల్లింగులో చివర ఇంకో ‘ఈ’ ఉంటుంది. అది చూసి ఎంచుకోండి, లేదా కొలోనియల్ పార్క్‌వే, 1368 అని చిరునామా కొట్టండి.

రెండూ చూసే ఓపిక ఉంటే ఉదయం ద్వీపం, మధ్యాహ్నం మ్యూజియం పెట్టుకోండి. కోట దగ్గర నీడ తక్కువ, జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత ఎక్కువ. ఒక్కోదానికి కనీసం మూడు గంటలు పడుతుంది కాబట్టి అదే రోజు విలియమ్స్‌బర్గ్ కూడా ఇరికించకండి. ఏప్రిల్, మే, అక్టోబరు మంచి నెలలు.

2. టికెట్టు

ద్వీపానికి రుసుము రెండు ముక్కలు: ఒకటి నేషనల్ పార్క్ సర్వీసుది, రెండోది కోట స్థలం సొంతదారు ప్రిజర్వేషన్ వర్జీనియా అనే సంస్థది. చేతిలో నేషనల్ పార్కుల ఏడాది పాస్ ఉంటే మొదటి ముక్కే మాఫీ అవుతుంది. కౌంటర్ దగ్గర వాదనలు వచ్చేది ఇక్కడే. పార్కులకు ప్రవేశం ఉచితమని ప్రకటించే రోజుల్లోనూ ఇదే లెక్క. సెటిల్‌మెంట్, యార్క్‌టౌన్ మ్యూజియాలకు కలిపి అమ్మే టికెట్టు ద్వీపానికి చెల్లదు.

3. దారి

విలియమ్స్‌బర్గ్ నుంచి కొలోనియల్ పార్క్‌వే పట్టుకోండి. మొత్తం 23 మైళ్ల రోడ్డు, వేగం 45 మైళ్లు దాటకూడదు, దారిలో పెట్రోలు బంకులు లేవు. ట్యాంకు ముందే నింపుకోండి. మరమ్మతులకు కొన్ని భాగాలు మూసేస్తుంటారు, కాబట్టి బయలుదేరే రోజు పార్కు సైటు చూసుకోండి.

ద్వీపంలోకి వెళ్లేముందే గ్లాస్‌హౌస్ వస్తుంది. 1608లో జర్మన్, పోలిష్ పనివాళ్లు గాజు తయారీ మొదలుపెట్టిన చోటిది. పాత కొలిముల శిథిలాలు అద్దాల వెనక ఉంటాయి, పక్కన గాజు ఊది చూపిస్తారు. పావుగంట చాలు.

4. కోట: ఇక్కడే తీరిగ్గా ఉండండి

విజిటర్ సెంటర్ వెనక చిత్తడి మీదుగా నడక వంతెన ఉంటుంది. అది దాటగానే 1907లో నిలబెట్టిన 103 అడుగుల స్తంభం, ఆ తర్వాత కోట. నేలమీద ఉన్నది తక్కువ. ఏం చూస్తున్నామో తెలియకపోతే పది నిమిషాల్లో విసుగొస్తుంది. రోజుకు కొన్నిసార్లు రేంజర్లు గానీ, పురావస్తు సిబ్బంది గానీ వెంట తిప్పి చెబుతారు. వేళలు ముందే అడిగి పెట్టుకోండి, తక్కిన కార్యక్రమమంతా దాని చుట్టూ సర్దుకోండి.

కోటది త్రిభుజాకారం. నదివైపు గోడ 420 అడుగులు, మిగతా రెండూ 300 అడుగుల చొప్పున. నది కోసేసి మింగేసిందని ఏళ్లతరబడి అందరూ అనుకున్నారు. 1994లో పురావస్తు శాస్త్రవేత్త విలియం కెల్సో తవ్వకం మొదలుపెట్టాక, పోయింది ఒక మూల మాత్రమేనని బయటపడింది. దుంగలు కుళ్లిపోయినా వాటిని పాతిన కందకాల జాడ మట్టిలో వేరే రంగు చారలుగా మిగిలింది. ఇప్పుడు కనిపించే దుంగల గోడ ఆ చారల మీదే నిలబెట్టారు.

లోపల 1608 నాటి చర్చి హద్దులు వెతకండి. 1614లో పౌహాటన్ల నాయకుడి కూతురు పోకహాంటస్, వలసదారు జాన్ రోల్ఫ్‌ల పెళ్లి అక్కడే జరిగింది. ఇటుక గోపురం 17వ శతాబ్దానిది, దానికి ఆనుకుని ఉన్న చర్చి మాత్రం 1907లో కట్టింది. 1619 జూలై 30న వర్జీనియా మొదటి ప్రజాప్రతినిధుల సభ కూర్చున్నది ఈ స్థలంలోనే అప్పట్లో ఉన్న మరో చర్చిలో. అదే ఏడాది ఆగస్టులో ఆఫ్రికన్లను బందీలుగా ఓడలో దించింది ఇక్కడ కాదు, హాంప్టన్ దగ్గరి పాయింట్ కంఫర్ట్‌లో. కానీ ఆ తొలి బందీల్లో ఒకరైన ఏంజెలా ఈ ఊళ్లోనే బతికింది. ఆమె పని చేసిన ఇంటి స్థలం కోటకు తూర్పున ఉంది. చాలామంది అటు నడవరు. మీరు నడవండి.

5. ఆర్కియేరియం

తవ్వకాల్లో దొరికినవి ఉంచిన చిన్న మ్యూజియం ఇది, నది ఒడ్డున ఉంది. 1609–10 చలికాలంలో దాదాపు 300 మందిలో బతికి బట్టకట్టింది 60 మంది. కరువు, ఉప్పు కలిసిన తాగునీళ్లు, పౌహాటన్లతో యుద్ధం, అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. అప్పట్లో మనుషుల మాంసం తిన్నారని రాతల్లో ఉన్నదానికి 14 ఏళ్ల అమ్మాయి ఎముకల మీది కత్తి గాట్లు రుజువయ్యాయి. ఆ పుర్రె ఇక్కడ ప్రదర్శనలో ఉంది. చిన్నపిల్లలు వెంట ఉంటే ఒకరు ముందు వెళ్లి చూసి రండి.

దగ్గర్లోని కెఫేలో దొరికేది పరిమితమే. శాకాహారులైతే పులిహోరో, చపాతీలో డబ్బాలో తెచ్చుకోవడం మేలు. దారులు కంకర, గడ్డి కలిసి ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు చెప్పుల బదులు బూట్లు వేయించండి. గడ్డిలోకి వెళ్తే పిడుదులు, దోమలు ఉంటాయి, పాయిజన్ ఐవీ అనే తీగ తగిలితే దురద. నడక తగ్గించాలనుకుంటే ద్వీపం చుట్టూ 3, 5 మైళ్ల కారు దారులున్నాయి.

6. ఓడలు

సెటిల్‌మెంట్‌లో టైమ్ తక్కువుంటే నేరుగా రేవుకి వెళ్లండి. 1607లో వలసదారులను తెచ్చిన మూడు ఓడలు సుసాన్ కాన్‌స్టంట్, గాడ్‌స్పీడ్, డిస్కవరీల నమూనాల మీదికి ఎక్కనిస్తారు. నిచ్చెనలు నిటారుగా ఉంటాయి, చీర కట్టుకున్నవాళ్లు జాగ్రత్త. అన్నిట్లో చిన్నదైన డిస్కవరీలో 21 మంది అట్లాంటిక్ దాటారు. ఈ ఓడల నాయకుడు క్రిస్టఫర్ న్యూపోర్ట్ తర్వాత ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి 1617లో జావాలో చనిపోయాడు. ఆ కంపెనీ మొదటి గవర్నర్ థామస్ స్మైత్, జేమ్స్‌టౌన్‌ను నెలకొల్పిన వర్జీనియా కంపెనీకి కోశాధికారి కూడా. జేమ్స్‌టౌన్ మొదలైన నాలుగేళ్లకు, 1611లో, ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం చేరింది. రెండు కంపెనీల వెనకున్న డబ్బు, మనుషులు చాలావరకు ఒకే గుంపు.

తిరిగి వెళ్లేముందు సెటిల్‌మెంట్ పక్కనుంచి బయలుదేరే జేమ్స్‌టౌన్–స్కాట్లండ్ ఫెర్రీ ఎక్కవచ్చు. కార్లకూ ఉచితమే, అవతలి ఒడ్డుకు 15–20 నిమిషాలు. వెంటనే వెనక్కి రావాలంటే కారును ఒడ్డుకు దించి మళ్లీ వరసలో పెట్టాలి. వేసవి సాయంత్రాల్లో ఆ వరస పెద్దదిగా ఉంటుంది, ఆ టైమ్ కూడా కలుపుకుని బయలుదేరండి.